సిగ్నల్ దగ్గర అడుక్కునేవాళ్ళు, ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళు: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర, క్యాబ్ డ్రైవర్ల కబుర్లలో రోజూ వినబడే ప్రశ్నలివి. కొన్ని కటువుగా ఉంటాయి. వాటిని మెత్తబరచకుండా, అడిగేవాళ్ళ మాటల్లోనే ఉంచాం.

ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళంతా బిచ్చగాళ్ళే కదా?

కాదు. ఈ గందరగోళం తీరితే మిగతా ప్రశ్నలు సగం తేలికవుతాయి కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

రాత్రి పదకొండు దాటాక అఫ్జల్‌గంజ్ నుంచి ఉస్మానియా ఆస్పత్రి దాకా ఒకసారి నడిచి చూడండి. లేదంటే సికింద్రాబాద్ స్టేషన్ బయట, నాంపల్లిలో చూడండి. అక్కడ పడుకున్నవాళ్ళలో అడ్డా కూలీలు, అంటే పొద్దున్నే కూడలిలో నిలబడి రోజు కూలి వెతుక్కునేవాళ్ళు, ఉంటారు. ఫంక్షన్ హాళ్ళలో వడ్డించి అర్ధరాత్రి బయటపడ్డ కేటరింగ్ కుర్రాళ్ళు ఉంటారు. హమాలీలు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, రిక్షా బండి మీద సామాను లాగేవాళ్ళు, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ళు ఉంటారు. పొద్దున మీరు లేచేసరికి వాళ్ళు పనిలో ఉంటారు కాబట్టి మీకు కనబడరు. పగలు కూడా అక్కడే కూర్చుని కనబడేది కొద్దిమందే. ఆ కొద్దిమందిని చూసి మనం అందరినీ లెక్కగడతాం.

ఆస్పత్రుల చుట్టూ పడుకునేవాళ్ళ కథ వేరు. వార్డులో పేషెంటు పక్కన ఒక్కరినే ఉండనిస్తారు. పాలమూరు నుంచో, ఆదిలాబాద్ నుంచో వచ్చిన కుటుంబంలో మిగిలినవాళ్ళు లాడ్జికి డబ్బు పెట్టలేక గేటు బయటే దుప్పటి పరుచుకుంటారు. వాళ్ళకు ఊళ్ళో సొంత ఇల్లుంది, కొందరికి పొలం కూడా ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్ళు సుమారు 17 లక్షల 70 వేల మంది. బిచ్చగాళ్ళు, దిమ్మరులు అనే కోవలో అదే లెక్కల్లో తేలినవాళ్ళు 4 లక్షల 13 వేల పైచిలుకు. ఈ రెండో అంకెలో కూడా గుడిసో, అద్దె గదో ఉన్నవాళ్ళు కలిసి ఉంటారు.

కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, పని చేసుకుని బతకొచ్చుగా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కొందరి విషయంలో న్యాయమైన ప్రశ్నే. పని దొరికినా చేయకుండా అడుక్కునేవాళ్ళు లేరని చెప్పడం అబద్ధమవుతుంది. తాగుడుకు బానిసలైనవాళ్ళు కూడా ఉన్నారు.

కానీ మీరే పని ఇచ్చే మనిషి అనుకుని ఆలోచించండి. వాచ్‌మన్ కావాలి. ఒకాయన వచ్చాడు. ఆధార్ లేదు, ఉన్నా ఎక్కడో పోయింది. తెలిసినవాళ్ళు ఎవరని అడిగితే చెప్పడానికి ఎవరూ లేరు. నాలుగు రోజులుగా స్నానం లేదు. ఫోన్ లేదు. పెట్టుకుంటారా? నేనైతే పెట్టుకోను. పనిమనిషిని పెట్టుకునేటప్పుడే ఇద్దరు ముగ్గురిని అడిగి వాకబు చేస్తాం కదా.

ఇక అడ్డా ఉంది. పొద్దున్నే మేస్త్రీ బండి ఆపితే పాతిక మంది చుట్టుముడతారు. ముందు కుర్రాళ్ళను ఎక్కించుకుంటాడు. యాభై దాటినవాడు, దగ్గేవాడు, చేతికి దెబ్బ తగిలినవాడు అలాగే మిగిలిపోతాడు. వానాకాలంలో స్లాబు పనులు ఆగిపోతే వరసగా రోజుల తరబడి కూలి ఉండదు. గదికి అడ్వాన్సు కట్టినవాడు ఖాళీ చేస్తాడు. సామాన్లు తెలిసినవాళ్ళ దగ్గర పడేసి రోడ్డు మీదికి వస్తాడు. రోడ్డు మీద పడుకుంటే నిద్ర పట్టదు, నిద్ర లేనివాడు మర్నాడు అడ్డాలో ఇంకాస్త నీరసంగా నిలబడతాడు. చేయి చాచడం చాలామందికి ఆ తర్వాతి సంగతి. సిగ్నల్ దగ్గర మనకు కనబడేది కథలో చివరి పేజీ మాత్రమే.

పైగా దూరం నుంచి చూస్తే ఒళ్ళు బాగున్నట్టే కనబడుతుంది. ఫిట్స్, షుగర్ పుండ్లు, టీబీ, చూపు మందగించడం, మనసు సరిగా లేకపోవడం కారు అద్దంలోంచి తెలిసేవి కావు.

వాళ్ళు మనకంటే ఎక్కువ సంపాదిస్తారట. లక్షాధికారి బిచ్చగాడని వార్త వచ్చింది కదా?

వార్తలు నిజమే. 2019లో ముంబైలోని గోవండి దగ్గర రైలు ఢీకొని ఒక వృద్ధ యాచకుడు చనిపోయాడు. ఆయన గుడిసెలో పోలీసులకు లక్షన్నర దాకా చిల్లర దొరికింది. బ్యాంకు డిపాజిట్లు ఎనిమిది లక్షలు దాటాయి. మన దగ్గర 2020లో విజయవాడకు చెందిన ఒక యాచకుడు కొన్నేళ్ళుగా సాయిబాబా గుడికి మొత్తం ఎనిమిది లక్షల దాకా ఇచ్చాడని తెలిసి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఈ వార్తలను మనం సగమే చదువుతాం. గోవండి మనిషి లక్షలు ఉండి కూడా పట్టాల పక్కన గుడిసెలోనే బతికాడు, ఆ పట్టాల మీదే పోయాడు. విజయవాడ ఆయన దాదాపు నలభై ఏళ్ళు రిక్షా తొక్కాడు. మోకాళ్ళు పని చేయడం మానేశాక గుడి ముందు కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఆ వార్తలో నాకు ముందు కనబడింది అదే. ఎనిమిది లక్షల సంగతి ఆ తర్వాత.

సిగ్నల్ లెక్క కూడా చాలామంది తప్పుగా వేస్తారు. ‘నిమిషానికి పది రూపాయలు, గంటకు ఆరువందలు, నెలకు లక్షన్నర’ అని గుణించేస్తారు. రెడ్ లైట్ పడ్డ ప్రతిసారీ ఒకరు ఇస్తారనుకుంటేనే ఆ లెక్క కుదురుతుంది. మీరు చివరిసారి ఎప్పుడిచ్చారో గుర్తు చేసుకోండి. పండగ రోజు మంచి గుడి మెట్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు కూలికంటే ఎక్కువ రావచ్చు, అందులో దాచడానికేమీ లేదు. మామూలు మంగళవారం మధ్యాహ్నం ఎండలో అలా రాదు.

ఇలాంటి వార్తలు ఎందుకంత త్వరగా పాకుతాయంటే, ఇవ్వకుండా అద్దం ఎత్తేసినందుకు కలిగే చిన్న ఇబ్బందిని అవి తీసేస్తాయి. ‘వాడికే నాకంటే ఎక్కువుంది’ అనుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇదంతా మాఫియా అంటారు?

కొంత ఉంది. వృద్ధులను, వికలాంగులను, పిల్లలను తెచ్చి కూడళ్ళలో దింపి సాయంత్రం డబ్బు గుంజుకునే ముఠాలను హైదరాబాద్ పోలీసులే పట్టుకున్నారు. అంతమాత్రాన గుడి మెట్ల మీద కూర్చున్న ప్రతి ముసలమ్మ వెనకా ఒక డాన్ ఉన్నాడనుకోవడం సినిమాల ప్రభావం. రోజూ జరిగేది ఇంకా చిన్న దోపిడీ. కూర్చునే జాగా కోసం ఒకడికి ఇవ్వాలి. రాత్రి పడుకునే చోట కొట్టకుండా ఉండడానికి ఇంకొకడికి ఇవ్వాలి. మూట కాపలాకు, నీళ్ళకు, బాత్రూమ్‌కు అన్నింటికీ డబ్బే.

ఒకవేళ మాఫియానే అనుకున్నా, కటకటాల వెనక ఉండాల్సింది ఎవరు? మన కోపమంతా కారు దగ్గరికొచ్చిన పిల్ల మీదే చూపిస్తాం. ఆ పిల్ల ఆ నేరంలో బాధితురాలు.

చంకలో పసిబిడ్డతో వస్తారు, బిడ్డ ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటుంది. ఏం చేయాలి?

డబ్బు ఇవ్వకండి. 1098కు ఫోన్ చేయండి. అది పిల్లల హెల్ప్‌లైన్, రాత్రీపగలూ పనిచేస్తుంది. కూడలి పేరు, టైము, బిడ్డ వయసు సుమారుగా, ఎంతమంది ఉన్నారో చెబితే చాలు. మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి.

పిల్లలతో అడుక్కునేలా చేయడం బాలల న్యాయ చట్టం 2015లోని 76వ సెక్షన్ కింద నేరం. ఐదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. అందుకోసం బిడ్డ అవయవాలు తీసినా, వికలాంగుణ్ణి చేసినా కనీసం ఏడేళ్ళు, గరిష్ఠంగా పదేళ్ళ కఠిన శిక్ష, ఐదు లక్షల జరిమానా. భారతీయ న్యాయ సంహితలో 139వ సెక్షన్ కూడా ఈ నేరానికి సంబంధించిందే. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు ఇలాంటి పిల్లల్ని వెతుకుతారు. మిగిలిన పది నెలల్లో వెతకాలంటే మన ఫోన్లే దిక్కు.

ఒక జాగ్రత్త. ‘బిడ్డ ఆవిడది కాదు’ అని మీకు మీరే తేల్చేసి గుంపును పోగెయ్యకండి. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకార్లతో 2018లో తెలుగు రాష్ట్రాల్లో సహా దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టారు, కొందరు చనిపోయారు. దెబ్బలు తిన్నవాళ్ళలో అడుక్కునేవాళ్ళూ ఉన్నారు. రంగు నల్లగా ఉన్న పేద తల్లికి తెల్లటి బిడ్డ పుట్టడం నేరమేమీ కాదు.

గుడి దగ్గర అడక్కపోయినా వేస్తాం, సిగ్నల్ దగ్గర అడిగితే కసురుకుంటాం. ఎందుకలా?

గుడి దగ్గర దానం మన కార్యక్రమంలో భాగం. కొబ్బరికాయ, హారతి, చిల్లర, చెప్పులు. శనివారం నువ్వుల నూనె, గురువారం నాంపల్లి యూసుఫైన్ దర్గా దగ్గర రొట్టె, రంజాన్‌లో జకాత్, ఫిత్రా. ఇచ్చే టైము మనం పెట్టుకుంటాం, ఫలితం మన ఖాతాలో పడుతుంది. పుచ్చుకునేవాళ్ళు లేకపోతే ఆ పుణ్యం కుదరదు కూడా. సిగ్నల్ దగ్గర అలా కాదు. మనం ఫోన్లో ఉంటాం, ఆఫీసుకు ఆలస్యమవుతుంది, అద్దం మీద ఠక్‌ఠక్‌మని శబ్దం. వచ్చే టైము అవతలివాళ్ళు పెట్టుకున్నారు. కసురు అక్కణ్ణుంచి వస్తుంది.

ఊళ్ళలో ఇంకో పద్ధతి ఉండేది. హరిదాసు, జంగమదేవర, బుడబుక్కలాయన, గంగిరెద్దులవాళ్ళు ఏ నెలలో వస్తారో, ఏ ఇంటి ముందు ఎంతసేపు ఆగుతారో అందరికీ తెలుసు. కళ్ళం దగ్గర గింజలు కొలిచేటప్పుడు వాళ్ళకూ చేటెడు పోసేవాళ్ళు. దానికి కులం కట్టుబాట్లు ఉన్నాయి, చిన్నచూపూ ఉంది. ఆ రోజులు బంగారమని నేననను. కానీ వచ్చినాయన ఎవరో తెలుసు, ఆయన తండ్రి ఎవరో కూడా తెలుసు. నగరంలో ముఖం గుర్తుండేంతసేపు ఎవరూ ఎవరినీ చూడరు. తెలియని మనిషి చేయి చాస్తే మనకు ముందు కలిగేది అనుమానం. సంక్రాంతికి గేటెడ్ కమ్యూనిటీ వాళ్ళు హరిదాసును డబ్బిచ్చి పిలిపించుకుని సెల్ఫీలు దిగుతారు. అదే హరిదాసు చెప్పకుండా వస్తే సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తాడు.

మొత్తానికి ఇవ్వాలా, వద్దా?

ఇది మీ ఇష్టం. నా పద్ధతి చెబుతాను. పిల్లలకు డబ్బు ఇవ్వను. ముసలివాళ్ళకు, నడవలేనివాళ్ళకు చేతిలో ఉంటే ఇస్తాను, దాంతో ఏం చేస్తారని అడగను. ఇవ్వలేనప్పుడు ముఖం చూసి ‘లేదమ్మా’, ‘లేదు పెద్దాయనా’ అంటాను. అద్దం ఎత్తేసి ఎటో చూడడం కంటే అది మర్యాద. యూపీఐ వచ్చాక ‘చిల్లర లేదు’ అనే మాట చాలామందికి నిజమే అయింది కూడా.

డబ్బిస్తే తాగుతారన్న భయం ఉంటే తినేది కొనివ్వండి. కానీ ఏం తింటారో అడిగి కొనండి. పళ్ళు లేని ముసలాయనకు యాపిల్ ఇచ్చి ‘వద్దన్నాడు చూడు, పొగరు’ అనుకున్నవాళ్ళున్నారు.

అడుక్కోవడం నేరమా?

దేశమంతటికీ ఒకే చట్టం లేదు, రాష్ట్రాలకు వేరువేరుగా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1977లో బిచ్చమెత్తడాన్ని నిరోధించే చట్టం చేసుకుంది. చాలా రాష్ట్రాలకు నమూనా మాత్రం 1959 నాటి బొంబాయి చట్టం. అందులో అడుక్కోవడానికి ఇచ్చిన నిర్వచనం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఆడడం, పాడడం, జాతకం చెప్పడం కూడా అందులోకే వస్తాయి. బతుకుతెరువు కనబడకుండా బహిరంగ స్థలాల్లో తిరుగుతున్నా సరిపోతుంది. వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. మొదటిసారి మూడేళ్ళ దాకా, మళ్ళీ మళ్ళీ దొరికితే పదేళ్ళ దాకా నిర్బంధం.

ఈ చట్టం ఢిల్లీలోనూ అమల్లో ఉండేది. సామాజిక కార్యకర్త హర్ష్ మందర్ తదితరులు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టు 8న, అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. తిండి, పని, గూడు చూపించలేని ప్రభుత్వం వాటి కోసం చేయి చాచినవాణ్ణి శిక్షించడం ఏ న్యాయమన్నది ఆ తీర్పు సారాంశం. బలవంతంగా అడుక్కునేలా చేసే ముఠాల మీద కొత్త చట్టం తెచ్చుకోవచ్చని కూడా చెప్పింది. 2019లో జమ్మూ కశ్మీర్ హైకోర్టు తమ చట్టాన్నీ కొట్టేసింది. 2021 జులైలో కరోనా సమయంలో రోడ్ల మీద అడుక్కోకుండా ఆపమన్న పిటిషన్ సుప్రీంకోర్టు ముందుకొస్తే, ధనికుల దృష్టితో తాము దీన్ని చూడలేమని, వేరే దారి ఉంటే ఎవరూ అడుక్కోరని జస్టిస్ చంద్రచూడ్ బెంచి అంది.

ఢిల్లీ తీర్పు నేరుగా వర్తించేది ఢిల్లీకే. మన దగ్గర చట్టం కంటే ‘పైనుంచి ఆర్డర్ వచ్చింది’ అన్న మాటే ఎక్కువ పనిచేస్తుంది.

2017లో హైదరాబాద్‌లో పూర్తిగా నిషేధించారు కదా? అప్పుడు ఊరు శుభ్రంగా ఉండేది.

ఉండేది, రెండు నెలలు. ఆ ఏడాది నవంబరు 28న గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సదస్సుకు ఇవాంకా ట్రంప్ వచ్చారు. దానికి ముందు నవంబరు 8 నుంచి జనవరి 7 వరకు నగరంలో అడుక్కోవడాన్ని నిషేధిస్తూ పోలీస్ కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. పట్టుకున్నవాళ్ళను జైళ్ళ శాఖ నడిపే ఆనంద ఆశ్రమాలకు తీసుకెళ్ళారు. మగవాళ్ళను చంచల్‌గూడకు, ఆడవాళ్ళను చర్లపల్లికి. తర్వాత అదే శాఖ, బిచ్చగాళ్ళ ఆచూకీ చెప్పినవాళ్ళకు 500 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. 2000 మార్చిలో క్లింటన్ వచ్చినప్పుడూ ఇలాగే రోడ్ల మీంచి తీసేశారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ ఆశ్రమాల్లో కొందరికి తిండి, వైద్యం దొరికాయి. కొందరు ఇంటివాళ్ళను కలుసుకున్నారు. చాలామంది ఇక మీదట అడుక్కోబోమని రాసిచ్చి బయటికొచ్చారు. గడువు తీరాక సిగ్నళ్ళు మళ్ళీ మామూలే. అతిథి కోసం వేసిన రంగు అతిథి వెళ్ళగానే వెలిసిపోయింది. రెండు నెలల్లో ఎవరికీ పింఛను రాలేదు, ఇల్లు రాలేదు, మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. మరి ఎందుకు తిరిగి రారు?

నన్ను ఇబ్బంది పెట్టింది ఆ ఉత్తర్వు కంటే నగరం స్పందన. ‘హమ్మయ్య’ అన్నవాళ్ళే ఎక్కువ. ఎక్కడికి తీసుకెళ్ళారని అడిగినవాళ్ళు తక్కువ. పేదరికం పోవాలని ఎంతమందికి ఉందో కానీ, కళ్ళ ముందు నుంచి పోవాలని మాత్రం దాదాపు అందరికీ ఉంది.

ఇండోర్‌లో ఇచ్చేవాళ్ళ మీదే కేసులు పెడుతున్నారు. ఇక్కడా పెట్టొచ్చుగా?

2025 జనవరి నుంచి ఇండోర్‌లో, ఆ ఫిబ్రవరి నుంచి భోపాల్‌లో, బిచ్చం వేసినవాళ్ళ మీద కూడా కేసు అన్నారు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన స్మైల్ పథకం కింద యాచకులకు పునరావాసం చూపించే ప్రయత్నం కూడా ఇండోర్‌లో జరుగుతోంది. ఆ పథకం వరకు మంచిదే. కేసుల భాగం నాకు నచ్చలేదు. ఆకలిగా ఉన్నవాడికి పది రూపాయలు ఇచ్చినందుకు ఎఫ్ఐఆర్ అంటే, రేపు గుడి ముందు ప్రసాదం పంచే ఆవిడనూ పిలుస్తారా? ముందు పునరావాసం సరిగా నడిపించి, ఆ తర్వాత ఇవ్వొద్దని అడిగితే జనమే వింటారు.

నైట్ షెల్టర్లు ఉన్నాయి కదా, అక్కడికెందుకు పోరు?

ముందు లెక్క. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్, అదీ ఏడాది పొడవునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం నడిపిన పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలూ అవే చెప్పాయి: లక్ష జనాభాకు వంద మంది పట్టే శాశ్వత షెల్టర్, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు. 2011లో జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు. ఆ లెక్కన అప్పటికే 67 షెల్టర్లు కావాలి. మనం దానికి చాలా దూరంలో ఉన్నాం. జనాభా మాత్రం పెరుగుతూనే ఉంది.

ఉన్నవాటికైనా ఎందుకు పోరంటే, కారణాలు మామూలువే. షెల్టర్ ఒక చోట, అడ్డా ఇంకో చోట. పొద్దున ఆరుకల్లా అడ్డాలో లేకపోతే కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు విడివిడిగా ఉంటే భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఉండే వీలుండదు. చెత్త ఏరే ఆయనకు బండే ఆస్తి, దాన్ని బయట వదిలితే తెల్లారేసరికి ఉండదు. తాగి వస్తే రానివ్వరు. నల్లులు, దొంగతనాలు. వీటికి తోడు, ‘తీసుకెళ్ళి జైల్లో వేస్తారు’ అనే భయం. 2017 తర్వాత ఆ భయం ఉత్తదని చెప్పలేం కదా.

ఆస్పత్రుల దగ్గర కట్టిన షెల్టర్లు మాత్రం నిండుతాయి, ఎందుకంటే అవసరం ఉన్నచోటే కట్టారు.

మా కాలనీలో షెల్టర్ పెడతామంటున్నారు. వ్యతిరేకిస్తే తప్పా?

మీ భయం అర్థమవుతుంది: ఆడపిల్లలు, దొంగతనాలు, ఫ్లాట్ రేటు. కానీ షెల్టర్ లేకపోతే ఆ మనుషులు మాయమవరు, మీ బస్టాప్‌లో పడుకుంటారు. షెల్టర్ అయితే రిజిస్టర్ ఉంటుంది, కేర్‌టేకర్ ఉంటాడు, లైటు ఉంటుంది, బాత్రూమ్ ఉంటుంది. వ్యతిరేకించే బదులు షరతులు పెట్టండి. సీసీ కెమెరా, రాత్రి కాపలా, కాలనీ వాళ్ళు ఇద్దరు ఉండే కమిటీ అడగండి. వాటిని అడిగే హక్కు మీకుంది.

సిగ్నల్ దగ్గర హిజ్రాలు బలవంతం చేస్తారు. దానికేమంటారు?

బెదిరించడం, మీద చేయి వేయడం ఎవరు చేసినా తప్పే, 100కు ఫోన్ చేయండి. దాంతో పాటు ఒక ప్రశ్న: మీ ఆఫీసులో, మీ పిల్లల స్కూల్లో, మీరు వెళ్ళే బట్టల షాపులో ఒక్క ట్రాన్స్‌జెండర్ ఉద్యోగినైనా చూశారా? 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అడుక్కుంటారని అందరూ అనుకునే కూడళ్ళలోనే యూనిఫామ్‌లో బండ్లను ఆపారు. ఉద్యోగం ఇస్తే చేస్తారా అనే ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

బట్టలు సరిగా లేకుండా, తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే మనిషి మా వీధిలో ఉన్నాడు. ఎవరికి చెప్పాలి?

పోలీసులకే. ‘మాకేం సంబంధం’ అంటే మానసిక ఆరోగ్య చట్టం 2017, 100వ సెక్షన్ అని మర్యాదగా గుర్తు చేయండి. అలా దిక్కులేకుండా తిరిగే మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించడం స్టేషన్ బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. ఇంటివాళ్ళను వెతికే ప్రయత్నమూ చేయాలి. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉంది. సలహా కోసం టెలీ మానస్ 14416. వృద్ధులైతే ఎల్డర్‌లైన్ 14567.

ఐదు రూపాయల భోజనం ఉంది కదా, ఇంక ఆకలెక్కడిది?

ఆ పథకం గొప్పదే, నేను కూడా తిన్నాను. హైదరాబాద్‌లో 2014లో అన్నపూర్ణగా మొదలై 2025లో ఇందిరమ్మ క్యాంటీన్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చిన అన్న క్యాంటీన్లు మధ్యలో మూతపడి 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. రోడ్డు మీద బతికేవాళ్ళకు ఇంతకంటే ఉపయోగపడిన పథకం నాకు కనబడలేదు. క్యూలో నిలబడితే ఎవరూ ఎవరినీ అడుక్కున్నట్టు ఉండదు, డబ్బిచ్చి తింటున్నారు. కాకపోతే రాత్రి భోజనం అందరికీ అందదు, నడవలేనివాళ్ళకు క్యాంటీన్ దూరం.

ఇల్లు లేనివాళ్ళకు ఓటుంటుందా?

ఉంటుంది. ఫారం 6లో తాము పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూస్తారు. చిరునామా కాగితం అడగరు. రేషన్ కార్డు, పింఛను మాత్రం ఇంత సులువు కాదు. ఆధార్ కావాలి, దానికి చిరునామా కావాలి. ఆసరా పింఛనుకు అర్హత ఉన్న ముసలివాళ్ళు రోడ్డు మీదే ఉండిపోవడానికి ఇదొక పెద్ద కారణం. షెల్టర్ చిరునామాతో కార్డు తీయించడం వీలవుతుంది, ఎవరైనా వెంట తిరిగితే.

సాయం చేస్తూ వీడియో తీసి పెడితే పదిమందికీ స్ఫూర్తి కదా?

ముఖం కనబడకుండా తీయండి. లేదా తీయకండి. ఊళ్ళో కూతురికి పెళ్ళి సంబంధాలు చూస్తున్న తండ్రి, నగరంలో అన్నం పొట్లం అందుకుంటూ రీల్స్‌లో కనబడితే ఏమవుతుందో ఊహించుకోండి.

అమెరికాలో ఇలాంటివి ఉండవు కదా?

డాలస్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో ఉన్న మీ చుట్టాలను అడగండి. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఒక్క రాత్రి లెక్కలో తేల్చిన ఇల్లు లేనివాళ్ళు 7 లక్షల 71 వేల పైన. అదే ఏడాది జూన్‌లో, బయట పడుకున్నవాళ్ళకు నగరాలు జరిమానా వేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ అద్దెలు, మత్తు పెద్ద కారణాలు. ఇక్కడ కారణాలు వేరు. పక్కనుంచి నడిచిపోయేవాళ్ళ మాటలు మాత్రం దాదాపు ఇవే.

చలికాలంలో దుప్పట్లు పంచాలనుకుంటున్నాం. ఎక్కడ పంచితే మంచిది?

మంచి ఆలోచనే, కానీ డిసెంబరులో అందరూ పంచేది దుప్పట్లే. స్టేషన్ బయట ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికి రెండు మూడు దొరుకుతాయి, ఫ్లైఓవర్ కింద లోపలి వైపున్నవాళ్ళకు ఒక్కటీ అందదు. మూటలో రెండో దుప్పటి పట్టదు కాబట్టి అమ్మేస్తారు, దానికి కోప్పడకండి. పంచే ముందు ఒక రాత్రి వెళ్ళి ఏం కావాలో అడిగి రండి. ఎక్కువగా వినబడేవి చెప్పులు, దోమల చక్రాలు, లోబట్టలు, ఆడవాళ్ళకు ప్యాడ్లు, తాళం వేసుకునే సంచి. వానాకాలంలో టార్పాలిన్. ఏప్రిల్, మే నెలల్లో ఓఆర్ఎస్, తాగునీళ్ళు. ఎండాకాలంలో మీ దగ్గరి షెల్టర్ పగలు కూడా తెరిచి ఉంటోందో లేదో కనుక్కుని, మూసి ఉంటే జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు పెట్టండి. నంబరు తీసుకుని, వారం తర్వాత మళ్ళీ అడగండి.